జార్జియా ద్రాక్షసారా ఔషధం కాదు

వైద్యవిద్యకై మన తెలుగు పిల్లలు వెళుతున్న దేశాలలో జార్జియా ఒకటి. కాకసస్ పర్వతాల చెంతనున్న ఆ చిన్న దేశానికి ద్రాక్షసారా చరిత్ర చాలా పెద్దది. సుమారు 8,000 ఏళ్లనాటి కుండపెంకులలో దాని ఆనవాళ్లు అక్కడ బయటపడ్డాయి. 'క్వెవ్రీ' అనే పెద్ద మట్టి కాగులను భూమిలో పాతి ద్రాక్షరసాన్ని పులియబెట్టే వారి పద్ధతిని యునెస్కో 2013లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఆ చరిత్రను గౌరవించవలసిందే.

నా అభ్యంతరమల్లా సీసాతోపాటు దిగుమతి అవుతున్న మాటపైన: "ఇది మద్యం కాదండీ, గుండెకు మంచిది."

లెక్క చూడండి. 12 శాతం ఆల్కహాలున్న వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 14 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీలో ఉండేది సుమారు 10 గ్రాములే! కాలేయానికి సీసా మీది చీటీ చదవడం రాదు. (మన 'వైన్స్' దుకాణాలలో అమ్మేది ప్రధానంగా బ్రాందీ, విస్కీలే కావడం వేరే ముచ్చట.)

ద్రాక్షతొక్కలోని రెస్వెరాట్రాల్ మాటేమిటంటారా? లీటరు ఎర్ర వైన్‌లో అది కొద్ది మిల్లీగ్రాములే. ప్రయోగాలలో వందల మిల్లీగ్రాములు వాడారు. మితంగా తాగేవారు ఆరోగ్యవంతులని తేల్చిన పాత అధ్యయనాలు అనేకం, జబ్బుపడి తాగుడు మానినవారిని కూడా 'తాగనివారి' లెక్కలో కలిపాయి. పోలికే వంకర అయినప్పుడు ఫలితం తిన్నగా ఎలా వస్తుంది?

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని మొదటి తరగతి క్యాన్సర్ కారకాలలో చేర్చింది. అందులో వైన్‌కు మినహాయింపు లేదు. మనకిది మరింత ముఖ్యం. నిప్పు నోటిలోపల ఉంచుకొని చుట్ట కాల్చే 'అడ్డపొగ' అలవాటు ఉత్తరాంధ్ర పల్లెలది. పొగాకుకు మద్యం తోడైతే నోటి క్యాన్సర్ ముప్పు రెండూ కలిపిన మొత్తంకన్నా ఎక్కువవుతుంది.

మన్యంలో జీలుగు కల్లు తాగే గిరిజనుణ్ణి తాగుబోతంటాము. అదే పులిసిన రసం విమానమెక్కి వస్తే వైద్యమంటాము. ఇదేమి న్యాయం?

మధుమేహానికి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవారు ప్రత్యేకంగా గమనించాలి. ఖాళీ కడుపున తాగిన గ్లాసు వైన్, గంటల తరువాత నిద్రలో సైతం రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టవచ్చు. ఆ తూలుడును మత్తుగా భావించి ఇంటివారు పడుకోబెడతారు. అటువంటప్పుడు ముందు గ్లూకోమీటరుతో చక్కెర చూడండి; తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయక 108కి ఫోను చేయండి.