గరిటెడు తగరం

మా గ్యారేజీలో కారు పెట్టి రెండేళ్ళయింది. ఇప్పుడక్కడ ఒక సైన్యం ఉంది. మావారూ, మా పన్నెండేళ్ళ అమ్మాయీ కలిసి పద్ధెనిమిదో శతాబ్దపు సిపాయి బొమ్మలు పోస్తున్నారు. ఒక్కోటీ నా చూపుడువేలిలో సగం ఉంటుంది. ఇంగ్లండులో ఈ పిచ్చి కొత్తదేం కాదులెండి, హెచ్.జి. వెల్స్ అంతటివాడు 1913లోనే బొమ్మ సైనికుల యుద్ధాల మీద పుస్తకం రాశాడు.

నేను అడ్డం పడింది సీసం దగ్గర. ఒకరోజు మావారు పాత సామాన్ల సంతలో బిస్కెట్ డబ్బాడు విరిగిన బొమ్మలు కొనుక్కొచ్చి, "కరిగిస్తే ఒక పటాలం వస్తుంది" అన్నారు. అంత పాత బొమ్మల్లో సీసం ఉండకుండా ఉండదు. మా చిన్నాడికి రెండేళ్ళు, దొరికిందల్లా నోట్లోకే. ఆకురాయితో రాసినప్పుడు రాలే పొడి బట్టలకీ చేతులకీ అంటుకుని ఇంట్లోకొస్తుంది, పిల్లల మెదడుకి సీసం కొంచెమైనా చేటే. మా అమ్మమ్మ కళాయి వేసేవాడి ఎదుట పీటేసుకుని కూర్చుని, "తగరంలో సీసం కలిపావో, ఊరుకోను!" అని బెదిరించడం గుర్తొచ్చింది. డబ్బా ఇల్లు దాటింది. ఇప్పుడు సీసం లేని తగరం మిశ్రమమే కొంటున్నాం. ఖరీదు ఎక్కువని గొణిగారు, కొన్నారు.

పోత చూడ్డానికి తేలిక. రబ్బరు అచ్చు రెండు చెక్కలకీ లోపల పౌడరు అద్ది, బిగించి, కరిగిన లోహం గరిటెతో పొయ్యాలి. మొదటి నాలుగైదింటికి కాళ్ళుండవు, తుపాకి మొనలుండవు. పెనం కాలకుండా పోసిన తొలి అట్టులాగే, అచ్చు వేడెక్కాలి. చెడ్డవి మళ్ళీ గిన్నెలోకే. కరిగిన లోహంలో నీటిచుక్క పడితే మాత్రం పేలి మొహాన చిందుతుంది. కళ్ళద్దాలు, తోలు చేతితొడుగులు లేకుండా అమ్మాయిని దగ్గరికి రానివ్వను. ఆ గరిటె, గిన్నె మళ్ళీ వంటింటి గడప తొక్కవు.

మా దగ్గరున్న అచ్చు ప్రష్యా సైనికుడిది, మూడు మూలల టోపీవాడు. ఏడేళ్ళ యుద్ధం కాలం. "ఆ యుద్ధం మనవైపు జరగలేదా?" అంది అమ్మాయి. జరిగింది! 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ తలపడ్డారు. విజయనగరం ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువాళ్ళ పక్షం. కాకినాడలో పదేళ్ళు చదివిన నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎర్రకోట్లలో ఉన్న మన సిపాయిలని చూసి తెల్లవాళ్ళనుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళ మీదికే వెళ్ళారట, అసలు తెల్ల పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉంది. ఫోర్డు పేరుంది, కాన్‌ఫ్లాన్సు పేరుంది. ఆ దెబ్బ కాచుకున్నవాళ్ళ పేర్లు నాకెక్కడా కనపడలేదు.

అందుకని ఇప్పుడు ప్రష్యావాణ్ణి సిపాయిని చేస్తున్నాం. టోపీ అరగదీసి, వెనక జడ తీసేసి, పొడవు కోటు నడుం దాకా కత్తిరించాలి. తలపాగా దగ్గర తండ్రీకూతుళ్ళు చేతులెత్తేశారు. రెండు రంగుల పుట్టీ కలిపి పిసికి, చేగోడీ పిండిలా సన్నగా తాల్చి, చుట్టూ తిప్పి చూపించాను. అన్నీ ఒకేలా చుడితే అమ్మాయి ఒప్పుకోలేదు. "వీళ్ళంతా ఒక్కడే కాదు కదమ్మా" అంది.

ఇరవైముగ్గురయ్యారు. వచ్చే ఆదివారం ఇంకో పన్నెండుమందికి చుట్టాలి.