పోటీ ఎవరి కోసం?

పోటీ చట్టం అంటే పెద్ద కంపెనీల నడుమ పంచాయితీ, మనకేం పని అనుకునేటోళ్లు విద్యార్థుల్లో, ఉద్యోగుల్లో కూడా చాలామంది ఉన్నారు. వాళ్లకు 2006 నాటి పత్తి విత్తనాల సంగతి ఒకసారి యాది చేయాలె.

2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి దొరికింది. టెక్నాలజీ మాత్రం ఒక్కరి చేతిల ఉంది. అమెరికా కంపెనీ మోన్‌శాంటో, మన దేశపు మహికో కలిసి పెట్టిన మహికో మోన్‌శాంటో బయోటెక్ అది. విత్తన కంపెనీలు ఎన్ని ఉన్నా, ప్యాకెట్ మీద బొమ్మలు ఎన్ని మారినా, ఆ జన్యువు కావాలంటే దాని దగ్గరికే పోవాలె. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 రూపాయలు గింజకు కాదు, 'ట్రెయిట్ ఫీజు' అనే రాయల్టీకే. వరంగల్, ఆదిలాబాద్ చెల్కల్లో మొగులు నమ్ముకుని పత్తి పెట్టే రైతుకు ఇదెంత బరువో చెప్పాల్నా? మొదటి వానకు వేసిన గింజ మాడిపోతే మళ్లీ కొనాలె. అప్పిచ్చేది, పురుగుమందు ఇచ్చేది, చివరకు పత్తి కొనేది చాలా ఊళ్లల్ల ఒక్కడే షావుకారు.

ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది. ఫీజు తగ్గించాలని 2006 మే నెలలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వం ప్యాకెట్ ధరను 750 రూపాయలకు కట్టడి చేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయినా స్టే దొరకలేదు. (సర్కారును మెచ్చుకోవడానికి ఈ మాట చెప్తలేను. ఊళ్లల్ల అన్ని చావులు అయినంక గదా కదిలింది!)

ఏ చట్టంతో గెలిచిందో చూడండి. 1969 నాటి చట్టం. సంపద, ఉత్పత్తి సాధనాలు కొద్దిమంది చేతుల్లో పోగుపడి అందరికీ చేటు కావద్దని రాజ్యాంగం 39వ అధికరణ చెప్పింది. ఆర్థిక శక్తి కేంద్రీకరణ జరగొద్దని ఈ చట్టం తన పీఠికలోనే రాసుకుంది. అది బంగారమేం కాదు. లైసెన్సుల రాజ్యంలో పెద్ద పెద్ద కుటుంబాలు దాన్ని ఎట్ల దాటాలో నేర్చుకున్నయి. 1991లో దాని కోరలు పీకేశారు కూడా.

2002 పోటీ చట్టం పీఠికలో ఆ కేంద్రీకరణ మాట లేదు. పోటీని కాపాడుడు, వినియోగదారుల ప్రయోజనం, వ్యాపార స్వేచ్ఛ, ఇవే ఉన్నయి. పెద్దగా ఉండుడు తప్పు కాదు, ఆ పెద్దరికాన్ని దుర్వినియోగం చేసుడే తప్పు అంటది. 'సామాజిక బాధ్యతలు, సామాజిక వ్యయాలు' అన్న మాట 19వ సెక్షన్‌లో, ఆధిపత్యాన్ని కొలిచే లెక్కల జాబితాలో ఒకటిగా మిగిలింది. పళ్లు లేని చట్టమని మాత్రం అనలేం. టర్నోవర్‌లో 10 శాతం దాకా జరిమానా వేయొచ్చు. వ్యాపారం కోసం కొన్నవాడు కూడా ఇందులో వినియోగదారుడే, అంటే విత్తనం కొన్న రైతుకు చోటుంది. ఖరీదుదార్లు కూడబలుక్కుని కొనుగోలు ధర పడగొట్టినా చట్టవిరుద్ధమే. కానీ మార్కెట్ యార్డుల మోసపోయిన రైతు ఢిల్లీకి పోయి కార్టెల్ అని రుజువు చేసేదెట్ల?

బీటీ ఫీజు గొడవ మళ్లీ లేచింది. 2016లో కాంపిటీషన్ కమిషన్ మోన్‌శాంటో మీద విచారణకు ఆదేశించింది. ఫిర్యాదుదారుల్లో మన హైదరాబాద్ కంపెనీ నూజివీడు సీడ్స్ ఉంది. 2021లో ఆ రెండు కంపెనీలు రాజీ పడ్డయి. ఆ రాజీలో రైతుకు కుర్చీ లేదు. 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు, పేటెంట్ హక్కుదారు లైసెన్సుల వ్యవహారం పేటెంట్ చట్టం కిందికే వస్తది, పోటీ కమిషన్ విచారణ చేయజాలదు అన్నది.

పత్తి గింజకు 2016 నుంచి కేంద్రమే గరిష్ఠ ధర నిర్ణయిస్తున్నది, సరే. రేపు మక్క గింజ మీదనో, మిర్చి గింజ మీదనో ఇట్లాంటి ఫీజే పడితే, ఎవరి గడప తొక్కాలె?