మాయనాణేల వేలంవెర్రి

వెల పలికే ప్రతి వస్తువునూ దాని నకలు నీడలా వెన్నాడుతుంది. నాణెం అందుకు మినహాయింపు కాదు. పూర్వం సంతలో దొంగనాణెం అంటగట్టేవాడు కనీసం కొనుగోలుదారు కళ్లెదుట నిలబడేవాడు. అనుమానం కలిగిన వర్తకుడు దాన్ని రాతిమీద మోగించి, తక్కెడలో తూచి, గీటురాయిపై గీసి నిగ్గు తేల్చుకునేవాడు. నేటి ఆన్‌లైన్ వేలంలో నాణెం చేతికి రాదు, అమ్మకందారు ముఖం కనపడదు. తెరపై ఒక ఛాయాచిత్రం, దాని కింద నిమిష నిమిషానికీ పెరిగే ధర, పక్కనే కరిగిపోయే గడువు... కొనుగోలుదారుకు మిగిలే ఆధారాలు ఇవే. ప్రధాన భూభాగానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అండమాన్ నికోబార్ దీవుల ప్రజల విషయంలో ఈ బెడద మరింత తీవ్రమైనది. అనుమానం వచ్చిన నాణేన్ని చూపించుకోవడానికి అనుభవజ్ఞుడైన సేకర్త పక్క వీధిలో దొరకడు. తిప్పి పంపిన పార్సిల్ సముద్రం దాటేసరికి వాపసు గడువు కాస్తా ముగిసిపోవచ్చు.

2018 డిసెంబరు 30న నాటి పోర్ట్‌బ్లెయిర్‌లో రెండు ఘటనలు ఒకేసారి చోటుచేసుకున్నాయి. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్ర బోస్ అక్కడ త్రివర్ణ పతాకం ఎగురవేసి 75 ఏళ్లయిన సందర్భంగా ప్రధాని నరేంద్ర మోదీ రూ.75 స్మారక నాణేన్ని ఆవిష్కరించారు. అదే రోజు చెన్నై నుంచి దీవులకు సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ తంత్రి నిర్మాణానికి శంకుస్థాపన చేశారు. దాదాపు 2,300 కిలోమీటర్ల ఆ తంత్రి 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. సేకర్తలు కోరుకునే నాణెమూ, దాన్ని ఇంటి నుంచే వేలంలో పాడుకునే సౌకర్యమూ దీవులకు ఒకే రోజున సంక్రమించాయనుకోవచ్చు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీవిజయపురంగా మారింది. అక్కడి నుంచి కార్‌నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ వరకూ విస్తరించిన ఆ తంత్రి విద్యకు, వైద్యానికి, వ్యాపారానికి ఎంతగా తోడ్పడుతున్నదో, వంచకులకూ అంతగా దారి చూపగలదన్న సంగతి విస్మరించరానిది.

నాణేల చరిత్రలో ఈ దీవులది విలక్షణమైన స్థానం. నికోబార్ ప్రజలు ఒకప్పుడు కొబ్బరికాయల లెక్కన లావాదేవీలు జరుపుకొనేవారు. ఖైదీల వలస రాజ్యంగా మారిన పోర్ట్‌బ్లెయిర్ అవసరాల కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1861, 1866 సంవత్సరాల ముద్రతో రాగి రూపాయి టోకెన్లను కలకత్తా టంకశాలలో తయారు చేయించింది. వెండి రూపాయి రాజ్యమేలిన రోజుల్లో రాగితో చేసి రూపాయి విలువ కట్టిన ఆ బిళ్లలు నేడు సేకర్తలకు అపురూప వస్తువులు. స్వతంత్ర భారతం 1997లో సెల్యులార్ జైలు బొమ్మతో స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి నాణేన్ని విడుదల చేసింది. ఆ పరంపరలో వచ్చినదే రూ.75 నాణెం. సెల్యులార్ జైలు నేపథ్యంలో నేతాజీ వందనం చేస్తున్న చిత్రం దానిపై ఉంటుంది. ఈ మూడింటిలో మొదటిది నిజంగా అరుదైనది, రెండోది చలామణీ కోసం ముద్రించిన సాధారణ నాణెం, మూడోది టంకశాల ముందస్తు బుకింగుపై విక్రయించినది. ఈ తేడా తెలియని కొనుగోలుదారుకు మూడూ ‘అరుదైన అండమాన్ నాణేలే’. మోసానికి మూలం ఆ అజ్ఞానంలోనే ఉంది.

నకిలీలన్నీ ఒక కోవకు చెందినవి కావు. అసలు నాణెం అచ్చు తీసి మరో లోహంతో పోత పోసేవి ఒక రకం. అసలు నాణెంపైనే అంకెను మలిచి అరుదైన సంవత్సరంగా మార్చేవి రెండో రకం. ఆరవ జార్జి కాలపు 1939 రూపాయి అరుదైనది కావడంతో, తేలికగా దొరికే ఇతర సంవత్సరాల రూపాయిలపై చివరి అంకెను చెక్కే ప్రమాదం ఉంది. ఎన్నడూ ఏ ప్రభుత్వమూ ముద్రించని నాణేన్ని ఊహించి సృష్టించడం మూడో రకం. శ్రీరామ పట్టాభిషేకం బొమ్మతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1616, 1717, 1818 వంటి సంవత్సరాలతో అంగళ్లలో కనిపించే బిళ్లలు ఈ కోవలోనివే. అవి కంపెనీ చలామణీ నాణేలు కావు. అయితే మద్రాసులో కంపెనీ దేవతామూర్తులున్న బంగారు వరహాలను ముద్రించిన మాట వాస్తవం. ఆ వాస్తవాన్ని అడ్డుపెట్టుకునే ఈ కల్పన చెలామణీ అవుతున్నది. ఇక నాణెం అసలైనదే అయినా దానికి లేని విలువ అంటగట్టడం నాలుగో రకం. 2012 నాటి వైష్ణోదేవి చిత్రమున్న రూ.5, రూ.10 నాణేలకు లక్షలు వస్తాయన్న ప్రచారం ఇందుకు నిదర్శనం.

ఈ నాలుగో రకం మోసం తెలుగువారికి కొత్త కాదు. బియ్యాన్ని ఆకర్షించే మహిమ ఉన్నదంటూ పాత రాగి నాణేలను, పాత్రలను కోట్ల రూపాయలకు బేరం పెట్టే ‘రైస్ పుల్లింగ్’ ముఠాలు ఉభయ తెలుగు రాష్ట్రాల్లో పోలీసులకు పలుమార్లు పట్టుబడ్డాయి. అయినా నమ్మి నష్టపోయేవారి సంఖ్యకు కొదవ లేదు. అరచేతిలో వైకుంఠం చూపేవాడికి మహిమ కథలే అక్కర్లేదు, రిజర్వు బ్యాంకు పేరు చాలు. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలకు సంబంధించి కొందరు తమ పేరు, చిహ్నాలను వాడుకుని కమిషన్, పన్ను, రుసుముల రూపంలో ప్రజల నుంచి డబ్బు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న హెచ్చరించింది. అటువంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదని, ఎలాంటి రుసుమూ కోరబోనని, తన తరఫున వసూలు చేసే అధికారాన్ని ఎవరికీ ఇవ్వలేదని స్పష్టం చేసింది. మీ పాత నాణెం లక్షలకు కొంటామని, ముందుగా నమోదు రుసుము కట్టమని అడిగేవాడు కొనుగోలుదారు కాదు, దోపిడీదారు.

నకిలీని పట్టుకోవడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. అధికారిక కొలతలే తొలి గీటురాయి. నేతాజీ రూ.75 నాణెం బరువు 35 గ్రాములు, వ్యాసం 44 మిల్లీమీటర్లు. అందులో వెండి 50 శాతం, రాగి 40 శాతం, నికెల్, జింకు అయిదేసి శాతం ఉంటాయి. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. 1939 వరకూ అందులో వెండి పాలు 91.7 శాతం. 1940 నుంచి దాన్ని సగానికి తగ్గించి, నకిలీలను అరికట్టేందుకు అంచున ప్రత్యేక గాడి ఏర్పాటు చేశారు. అంచు సంగతి తెలిసినవాడికి 1945 ముద్రతో మామూలు గీతల అంచున్న ‘వెండి రూపాయి’ని చూడగానే అనుమానం కలగాలి. వాడుకలో అరిగి బరువు కొంత తగ్గవచ్చుగాని, ఒకటి రెండు గ్రాముల తేడా ఉంటే సందేహించవలసిందే. వెండి, రాగి నాణేలు అయస్కాంతానికి అంటుకోవు. దారం కట్టి నీటిలో వేలాడదీసి తూస్తే 1939కి ముందరి రూపాయి సుమారు 1.13 గ్రాముల బరువు కోల్పోతుంది. నికెల్, ఇత్తడి వంటి తేలిక లోహాలతో చేసిన నకలు అంతకన్నా ఎక్కువ కోల్పోతుంది. భూతద్దంలో గాలిబుడగల గుంటలు, సబ్బుముద్దలా నునుపెక్కిన అక్షరాలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే అది పోత నాణెమే.

ఇవన్నీ నాణెం చేతికందాక చేసే పరీక్షలు. వేలంలో పాట పెంచడానికి ముందు చేయవలసినవి వేరే ఉన్నాయి. నాణెం రెండు ముఖాలతోపాటు అంచు చిత్రాన్ని, తక్కెడ మీద బరువు చూపే చిత్రాన్ని కోరాలి. ఇవ్వడానికి తటపటాయించే అమ్మకందారును అక్కడే వదిలేయాలి. ఒకే ‘అపురూప’ నాణెం ఒకే వ్యక్తి వద్ద పదే పదే అమ్మకానికి వస్తుంటే అది అపురూపమెలా అవుతుంది? ప్లాస్టిక్ డబ్బీలో బిగించి ధ్రువీకరించామని చెప్పే నాణేల డబ్బీలకే నకిలీలు పుట్టుకొచ్చాయి. డబ్బీపై ఉన్న సంఖ్యను ధ్రువీకరణ సంస్థ వద్ద సరిచూసుకోవడం తప్పనిసరి. వేలం వేదికను తప్పించి నేరుగా ఫోన్ ద్వారా డబ్బు పంపమనడం మోసానికి స్పష్టమైన సూచిక. పార్సిల్ విప్పే దృశ్యాన్ని వీడియో తీసి ఉంచుకుంటే వివాదంలో అదే సాక్ష్యమవుతుంది. స్మారక నాణేలు కావలసినవారు ముంబయి, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలలను నిర్వహించే ప్రభుత్వ సంస్థ నుంచే బుకింగుపై పొందడం అన్నింటికన్నా క్షేమం.

చట్టం కొనుగోలుదారును పూర్తిగా విస్మరించలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు వివరాలను వేదిక వెల్లడించాలి. వస్తువు నకిలీదైతే, లేదా ప్రకటించిన లక్షణాలు లేకపోతే అమ్మకందారు వాపసు తీసుకోవడానికి నిరాకరించరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మేరకు బాధితుడు తాను నివసించే చోటే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. రూ.5 లక్షల వరకూ కొనుగోళ్లకు రుసుము సైతం లేదు. ముంబయి వ్యాపారిపై శ్రీవిజయపురంలోనే కేసు వేయగలగడం ద్వీపవాసులకు చిన్న ఊరట కాదు. వినియోగదారుల సహాయ నంబరు 1915, సైబర్ మోసాలకు 1930 అందుబాటులో ఉన్నాయి.

అయితే ఈ రక్షణ కవచానికి రంధ్రాలూ ఉన్నాయి. వ్యాపారంగా గాక వ్యక్తిగత హోదాలో అమ్మేవారికి ఈ-కామర్స్ నిబంధనలు వర్తించవు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహిత 178వ సెక్షన్ నకిలీ నాణేల తయారీకి యావజ్జీవ కారాగారం లేదా పదేళ్ల వరకూ జైలుశిక్ష విధిస్తున్నది. కానీ ఆ చట్టం దృష్టి ప్రధానంగా ద్రవ్యంగా వాడుకలో ఉన్న నాణేలపైనే. ఎన్నడో చలామణీ నుంచి తొలగిన 1861 నాటి టోకెన్‌కు నకలు పోసినవాడిపై దాన్ని ప్రయోగించడం కష్టసాధ్యం. అప్పుడు వంచన నేరం కిందికే పోవాలి. నకిలీ అని తెలిసే అమ్మాడని రుజువు చేయాలి. తాతలనాటి పెట్టెలో దొరికిందన్న ఒక్క మాటతో నిందితుడు తప్పుకోజూస్తాడు. అమెరికా ఈ చిక్కును 1973లోనే గుర్తించింది. సేకరణ నాణేల నకళ్లపై ‘కాపీ’ అనే మాట చెరగకుండా ముద్రించాలని చట్టం చేసింది. 2014లో దాన్ని సవరించి అమ్మేవారిని, తెలిసి వారికి తోడ్పడేవారినీ బాధ్యుల్ని చేసింది. నకలును నిషేధించనక్కర్లేదు, నకలని ఒప్పించాలి. ఆ సూత్రం మన దేశానికీ శిరోధార్యం.

వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువే. దాని వ్యాపారానికి లైసెన్సు అవసరం, ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపరాదు. శతాబ్దం దాటిన నాణేలను వేలానికి పెట్టేవారి లైసెన్సు సంఖ్యను ప్రతి ప్రకటనలోనూ చూపాలని వేలం వేదికలను కేంద్రం ఆదేశించాలి. టంకశాల విక్రయించిన ప్రతి స్మారక నాణెం బరువు, కొలతలు, చిత్రాలను ప్రజలు సులువుగా సరిచూసుకునేలా ప్రాంతీయ భాషల్లో ప్రకటించాలి. 2011 జనాభా లెక్కల మేరకు అండమాన్ నికోబార్ దీవుల్లో 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగు. తమిళులకు, బెంగాలీలకు, నికోబారీలకు అందవలసిన హెచ్చరిక వీరికీ తమ భాషలో అందాలి. దీవుల పాలనా యంత్రాంగం అసలు, నకిలీ నాణేలను పక్కపక్కనే ఉంచి చూపే ఏర్పాటు ఒక్కటి చేసినా వంద ప్రకటనలకన్నా మిన్నగా పనిచేస్తుంది.

నాణేల సేకరణ వ్యసనం కాదు, చరిత్రను అరచేతిలో నిలుపుకొనే అభిరుచి. పిల్లవాడు తన తొలి సంపాదనతో కొన్న నాణెం దొంగదని తేలితే పోయేది డబ్బొక్కటే కాదు, ఆ చరిత్రపై నమ్మకమూ పోతుంది. ఖైదీలు వాడిన రాగి బిళ్లకు, త్యాగధనుల స్మారకంగా ముద్రించిన వెండి నాణేనికి నకళ్లు పోసి సొమ్ము చేసుకోవడం ఆ త్యాగాలనే వేలం వేయడం. దొంగలు పడ్డ ఆర్నెల్లకు మేలుకొనే అలవాటును ప్రభుత్వాలు మానుకోవాలి. కొనుగోలుదారులు కూడా గడియారం చూసి కాక, తక్కెడ చూసి పాట పాడటం నేర్చుకోవాలి!