బిజిలీ అంటే రేడియేషనే, డాక్టర్ సాబ్!

మా ఖాలా ఆ మచ్చని నాలుగు రోజులు దాచింది. కుడివైపు రొమ్ము తీసేసిన చోట చర్మం నల్లగా కమిలిపోయి, వేడి తవా అంటుకున్నట్టు మండుతోందట. కొబ్బరి నూనె రాసుకుని, పైన దుపట్టా కప్పుకుని వంట చేస్తూనే ఉంది. స్నానం దగ్గర కోడలు చూసి నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లి కోప్పడితే, "ఇత్తీ సీ బాత్ కు దవాఖానా కాయికు బేటా?" అంది.

ఖాలాకి మూడేళ్ల కిందట ఆపరేషన్ అయింది. తర్వాత కీమో, ఆ తర్వాత రేడియేషన్. అంతా అయిపోయింది, అల్హందులిల్లాహ్ అనుకున్నాం. మూడేళ్లకి మర్జ్ ఎముకల్లో తేలింది. ఈసారి వేరే ఆస్పత్రి. మూడు వారాలకోసారి డోసిటాక్సెల్ అనే మందు ఎక్కిస్తున్నారు. రెండో డోసు అయిన ఆరో రోజున మొదలైంది ఈ మంట.

ముందు మా వీధి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఇన్ఫెక్షన్ అని మాత్రలు, పూత మందు రాశాడు. ఐదు రోజులైనా తగ్గలేదు. ఇంట్లో ఒకరు మర్జ్ చర్మం మీదికి వచ్చిందన్నారు, ఇంకొకరు నజర్ తగిలిందన్నారు. ఖాలా మాత్రం కీమోయే మానేస్తానంది. చివరికి ఆస్పత్రికి వెళ్తే, ఒక పెద్ద డాక్టర్ చూశాడు. మచ్చ అంచు మీద వేలు పెట్టి, "చూడండి, స్కేలు పెట్టి గీసినట్టుంది. ఇన్ఫెక్షన్ ఇలా గీత గీసుకుని ఆగదు. ఇక్కడ రేడియేషన్ ఇచ్చారా?" అని అడిగాడు.

"నహీ సాబ్" అంది ఖాలా.

నేను కల్పించుకుని, "ఖాలా, బిజిలీ పెట్టలేదూ?" అన్నాను.

"హౌ, బిజిలీ తో దియే. పంద్రా రోజ్."

ఆ డాక్టర్ కేస్ షీట్ తిరగేశాడు. 'ఇదివరకు రేడియేషన్' అన్న గడిలో 'లేదు' అని ఉంది. ఖాలా ఝూట్ చెప్పలేదు. రాసుకున్న అమ్మాయి కూడా తప్పు రాయలేదు. ఆమె అడిగిన లఫ్జ్ ఖాలాకి తెలియదు, ఖాలాకి తెలిసిన లఫ్జ్ ఆమె అడగలేదు.

నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో 'శువా' అన్నారు. తెలుగు డిగ్రీలో 'వికిరణం' అని రాశాను. ఈ రెండూ మా ఇంట్లో ఎవరూ అనరు. మేం బిజిలీ అంటాం, పక్కింటివాళ్లు 'కరెంటు పెట్టించుకున్నాం' అంటారు. ఆస్పత్రి ఫారం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది.

ఖాలాకి వచ్చినదాన్ని డాక్టర్లు 'రేడియేషన్ రీకాల్' అంటారు. రీకాల్ అంటే యాద్ చేసుకోవడం. ఎప్పుడో రేడియేషన్ పడి, మానిపోయి, మామూలుగా కనిపిస్తున్న చోటే, కొత్త మందు ఒంట్లోకి వెళ్లగానే మళ్లీ మంట లేస్తుంది. 1959లో డాంజియో అనే డాక్టరూ, ఆయన సహచరులూ ఆక్టినోమైసిన్-డి అనే మందుతో ఇలా అవుతోందని మొదటిసారి రాశారు. ఆ తర్వాత డోసిటాక్సెల్, పాక్లిటాక్సెల్, డాక్సోరుబిసిన్, జెమ్‌సిటాబిన్ లాంటి మందులతోనూ చూశారు. రేడియేషన్ అయిన కొన్ని వారాలకీ రావచ్చు, కొన్నేళ్లకీ రావచ్చు. ఎక్కువగా చర్మం మీదే కనిపిస్తుంది. అయితే ఊపిరితిత్తి, అన్నవాహిక, పేగు, కండరం లాంటి లోపలి భాగాల్లోనూ వస్తుంది. ఎందుకు వస్తుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. రేడియేషన్ తర్వాత కీమో తీసుకునే మరీజుల్లో చాలా చాలామందికి ఇది అసలు రాదు. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి.

మరి అంత అరుదైనదాని గురించి ఇంత లొల్లి ఎందుకు? నా డాక్టర్ దోస్త్ ఒకడు ఇదే అన్నాడు. "ఉన్నవీ లేనివీ అన్నీ చెబితే మరీజ్ భయపడి పారిపోతాడు. అప్పుడు మర్జే చంపుతుంది" అని. ఆ మాటలో నిజం ఉంది. సుప్రీంకోర్టు కూడా 2008లో సమీరా కోహ్లీ కేసు తీర్పులో, ఇలాజ్‌కి ఒప్పుకోలు తీసుకునేటప్పుడు మరీజుని భయపెట్టే, అరుదైన ప్రమాదాలు విప్పి చెప్పనక్కర్లేదనే అంది.

కానీ నేనడిగేది ఒప్పుకోలు సంతకం సంగతి కాదు, సంతకం అయ్యాక ఇంటికెళ్లే మనిషి సంగతి. "మీకు కరెంటు పెట్టిన చోట మంట గానీ, నల్లబడటం గానీ కనిపిస్తే వెంటనే రండి. ఛాతీకి పెట్టించుకున్నవాళ్లయితే కొత్తగా దగ్గు, ఆయాసం వచ్చినా రండి. మీ అంతట మీరు కీమో మానకండి." ఇంతే కదా! దీనికి భయపడి పారిపోయేవాళ్లెవరు? ఈ మాట చెప్పనందుకే మా ఖాలా కీమో మానేద్దామనుకుంది. తెలిసిన తక్లీఫ్ కన్నా తెలియని తక్లీఫే మనిషిని ఎక్కువ భయపెడుతుంది.

చర్మం రంగు సంగతీ ఉంది. 'ఎర్రబడితే చెప్పండి' అంటారు. చామనచాయ ఒంటి మీద ఎరుపు ఎరుపుగా కనిపించదు. నల్లగానో, ఊదాగానో కమిలినట్టు ఉంటుంది. ఎరుపు కోసం చూసుకునే ఆడమనిషికి తనకి వచ్చింది అదేనని ఎలా తెలుస్తుంది? దానికి మన షరం తోడు. రొమ్ము మీద మచ్చని కొడుక్కి చూపించదు, మగ డాక్టర్‌కి అంతకన్నా చూపించదు. మా ఖాలా నాలుగు రోజులు పోగొట్టుకుంది అందుకే. ఈ తప్పు ఆస్పత్రిది కాదు, మనది. ఇలాజ్ దగ్గర షరం ఏమిటని ఇంట్లో ఆడవాళ్లకి చెప్పాల్సింది మనమే.

ఆస్పత్రులు చేయాల్సింది కూడా పెద్ద ఖర్చు పని కాదు. రేడియేషన్ ముగిసిన రోజున మరీజు చేతిలో ఒక కార్డు పెట్టాలి. ఒంట్లో ఏ భాగానికి, ఎన్ని సిట్టింగులు, మొత్తం ఎన్ని గ్రే, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా అని నాలుగు లైన్లు, తెలుగులోనూ ఉర్దూలోనూ. ఇప్పుడు మరీజు ఒక ఆస్పత్రిలో కోయించుకుని, ఇంకో చోట బిజిలీ పెట్టించుకుని, మరో చోట కీమోకి వెళ్తున్నాడు. ఫైలు అతని వెంట వెళ్లడం లేదు. అడిగే చోట 'రేడియేషన్' అని మాత్రమే అడగొద్దు, 'కరెంటు, బిజిలీ' అని కూడా అడగాలి. ఆ గడి నింపే మనిషికి ఈ రెండు లఫ్జులు నేర్పడానికి ఐదు నిమిషాలు పట్టదు.

ఖాలాకి డోసిటాక్సెల్ ఆపి, స్టెరాయిడ్ ఇచ్చారు. పొరలు ఊడి, కొన్ని వారాల్లో చర్మం సర్దుకుంది. అదే మందు మళ్లీ ఇస్తే ప్రతిసారీ మంట రావాలని లేదు, చాలామందికి రాదు కూడా అన్నాడు డాక్టర్. కానీ ఖాలా భయం చూసి వేరే మందుకి మార్చాడు. నేను పాత ఆస్పత్రికి రెండుసార్లు తిరిగి రేడియేషన్ కాగజ్ తెచ్చాను. 15 సిట్టింగులు, 40 గ్రే. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డు, ఆధార్ ఉన్న డబ్బాలో ఉంచింది.

మీ ఇంట్లో ఎవరైనా బిజిలీ పెట్టించుకుని ఉంటే, ఈ పూట వాళ్ల కాగజ్ ఎక్కడుందో అడగండి. లేకపోతే వెళ్లి తెచ్చుకోండి. అది మీ హఖ్.