చిన్న డాక్టరమ్మ

కొన్ని మాటలు ప్రభుత్వంవారి కాగితాల మీద పుట్టి, ఆ కాగితాల మీదనే ముసలివైపోతాయి. ఊళ్లో ఒక్కరి నోటికీ ఎక్కవు. ‘మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్’ అన్నది అలాంటి మాట. పోనీ ‘కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్’ అందామా అంటే అదీ అంతే. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి కదా అని ఒక మిత్రుడు దీనికి తెలుగు మాట చెప్పమన్నాడు. ‘మధ్యస్థాయి ఆరోగ్య ప్రదాత’ అన్నాను. ఆయన నా ముఖంలోకి జాలిగా చూసి, “దానికంటె ఇంగ్లీషే నయం మాస్టారూ” అన్నాడు.

మా అమ్మకు ఈ బాధ లేదు. ఆమె మొదటి రోజునుంచీ ‘చిన్న డాక్టరమ్మ’ అంటోంది. ఆ అమ్మాయి, “నేను డాక్టర్ని కాదు మామ్మగారూ” అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినదు. ఎందుకు వినదో ఈ వారం మనవి చేస్తాను.

మా ఊరు చిలకలూరిపేటకు దగ్గర. నల్లరేగడి నేల, ప్రత్తి, మిరప తప్ప మరో ధ్యాస లేని జనం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊళ్లోకి అడుగుపెట్టక ముందే తుమ్ము వస్తుంది. కల్లాల మీద కాయ ఆరుతున్నదన్న మాట. మొన్నటి ఫిబ్రవరిలో రెండో శనివారం కాలేజీకి సెలవైతే ఇంటికి వెళ్లాను. అమ్మకు 74 ఏళ్లు. షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. పొద్దున్నే మాత్ర వేసుకున్నది. ఇంతలో ఆకాశాన మబ్బు పట్టింది. కాయ తడిస్తే రంగు పోతుంది, గుంటూరు యార్డులో ధర పలకదు. పరదాలు కప్పించడం, కూలీల చేత తాలుకాయలు ఏరించడం, ఈ హడావిడిలో అన్నం సంగతి మరచింది. నేనడిగితే, “తిన్నాలేరా” అన్నది. తల్లులు ఆడే అబద్ధాలలో ఇంత పాతది మరొకటి లేదు.

సాయంత్రం నాలుగున్నరకు అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. ఒళ్లంతా చెమట. మాట ముద్దముద్దగా వస్తోంది. నన్ను పట్టుకుని మా చిన్నాన్న పేరుతో పిలిచింది. క్షణంలో ఇల్లు నిండిపోయింది. పక్షవాతమని ఒకరు తేల్చారు. ఆకుపసరు పోసే చోటు తనకు తెలుసుననీ, కారు మాట్లాడతాననీ ఇంకొకరు. ముందు ఒక సెలైను ఎక్కిస్తే ఓపిక వస్తుందని మరొకరు. ఎమ్మే చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందరికంటె దిక్కు తోచకుండా నిలబడ్డదీ నేనే. ఊళ్లో ఉండే ఆర్.ఎం.పి.గారికి ఫోను చేస్తే ఆయన పొరుగూరు వెళ్లాడన్నారు. సరే, కారే గతి అనుకుంటూ వీధిలోకి వచ్చేసరికి, మా వీధి ఆశా కార్యకర్త ఎవరికీ చెప్పకుండా వెళ్లి, గ్రామ క్లినిక్కులో ఉండే ఆ అమ్మాయిని స్కూటీ మీద వెంటబెట్టుకుని వచ్చింది.

ఆ అమ్మాయికి ముప్ఫై ఏళ్లు ఉండవు. వచ్చీరాగానే జనాన్ని గుమ్మం అవతలికి పంపించింది. “మామ్మగారూ, ఒకసారి నవ్వండి. రెండు చేతులూ ఎత్తండి” అన్నది. మూతి వంకర పోలేదు. చేతులు రెండూ లేచాయి. వేలి కొసన గుచ్చి చుక్క రక్తం తీసి చిన్న యంత్రంలో పెట్టింది. 46 అని చూపింది. 70కి దిగితేనే తక్కువ కింద లెక్కట.

“పక్షవాతంలా లేదండీ. షుగరు పడిపోయింది. మాత్ర వేసుకుని అన్నం మానేశారు కదూ మామ్మగారూ?”

ఆ అవస్థలోనూ అమ్మ నావైపు దొంగచూపు చూసింది.

ముందు ఒక్క గుక్క నీళ్లు తాగించి, మింగగలుగుతున్నదని రూఢి చేసుకున్నది. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయరాదట, ఊపిరితిత్తులలోకి పోతుందట. తరవాత మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి మెల్లగా పట్టించింది. గడియారం చూసుకుంటూ 15 నిమిషాలు కూర్చుని మళ్లీ పరీక్ష చేస్తే 88. అమ్మ లేచి కూర్చుని, “ఇంతమంది వచ్చారేందిరా, కాఫీ అన్నా ఇచ్చావా?” అని అడిగింది.

నేను చేతులు జోడించి ఆ అమ్మాయిని సాగనంపబోయాను. ఆమె కదలలేదు. మాత్రల అట్ట తెప్పించి చూసింది. “ఈ మాత్ర ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది మాస్టారూ. ఈ వయసులో మూత్రపిండాలు దాన్ని తొందరగా బయటికి పంపలేవు. పంచదార బలం అయిపోయాక మళ్లీ పడిపోవచ్చు. నిద్రలో పడిపోతే మీకు తెలియదు” అన్నది. ఫోనులో డాక్టరుగారితో మాట్లాడింది. ఆయనా పెద్దాసుపత్రికే పంపమన్నాడు. “ఇప్పుడు బాగానే ఉందిగా, పొద్దున్నే తీసుకెళతాలెండి” అన్నాను నేను. “కల్లం మీద కాయ ఉందమ్మాయ్” అన్నది అమ్మ. “కాయ పక్కింటివాళ్లు చూస్తారు. మీరు బయలుదేరండి” అని తానే 108కి ఫోను చేసింది.

ఆసుపత్రిలో రాత్రి పదకొండున్నరకు పరీక్ష చేస్తే మళ్లీ 52. అక్కడి నర్సు వెంటనే నరానికి గ్లూకోజు ఎక్కించింది. ఇంట్లోనే ఉండి ఉంటే ఆ వేళకు నేను పక్క గదిలో హాయిగా నిద్రపోతూ ఉండేవాణ్ణి.

ఇంటికి వచ్చి వైద్యం చేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్, మగ వైద్యుడి కంటబడని ఆడవాళ్ల ఇళ్లకు తానే వెళ్లి చూసేది. 1898లో ఆడవారికీ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. తరవాత దానికి ఆమె పేరే స్థిరపడింది. ఆపైన ఎల్.ఎం.పి. చదివిన డాక్టర్ల కాలం. ఇన్ని రకాల డాక్టర్లు వద్దు, ఒక్క పెద్ద చదువే ఉండాలని 1946లో భోర్ కమిటీ చెప్పింది. గుంటూరు వైద్య కళాశాల ఏర్పడిందీ ఆ ఏడే. చదువు పెద్దదైంది, చదివినవాడు పట్నం చేరాడు. ఊళ్లో మిగిలిన ఖాళీలోకి ఆర్.ఎం.పి. సైకిలు వచ్చింది. ఆయనను తిట్టను. అర్ధరాత్రి తలుపు తట్టితే లేచి వచ్చినవాడు ఆయనే. కాని ప్రతి నీరసానికీ సెలైను, ప్రతి నొప్పికీ సూది మనకు అలవాటైనదీ ఆ తలుపు దగ్గరనే.

ఈ ఖాళీ మనకొక్కరికే కాదు. 1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరూ కలిసి, అనుభవం ఉన్న నర్సులకు రోగిని పరీక్షించి నిర్ణయం చేసే చదువు ప్రారంభించారు. ఇంగ్లండులో ఇప్పుడు అలాంటి పైచదువు చదివిన నర్సులు అత్యవసర కేసులు చూస్తారు, మంచం పట్టినవారి ఇళ్లకూ వెళతారు. మన దేశంలో 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఈ ఏర్పాటు మొదలైంది. బి.ఎస్సీ. నర్సింగు చదివి, సామాజిక ఆరోగ్యంలో ఆరు నెలల శిక్షణ పొందినవారిని ఊరి క్లినిక్కులో ఉంచారు. మన రాష్ట్రంలో 108 వాహనం 2005 ఆగస్టు 15న బయలుదేరింది. డాక్టరే ఊరికి వచ్చి, మంచం దిగలేనివారిని ఇంటి దగ్గర చూసే ‘ఫ్యామిలీ డాక్టర్’ పథకాన్ని 2023 ఏప్రిల్ 6న మా పక్కనే లింగంగుంట్లలో ప్రారంభించారు. డాక్టరు వచ్చేది ఏ రోజైనా, రోగం వచ్చేది మాత్రం తనకు తోచిన రోజున. ఆ మధ్య రోజులు ఈ అమ్మాయివి.

“సగం చదువు వైద్యం ప్రమాదం కాదా?” అని మీరు అడగవచ్చు. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం ఇలాంటివారికి పరిమితమైన అనుమతి ఇవ్వవచ్చునన్నప్పుడు డాక్టర్లు గట్టిగా ఎదురు చెప్పారు. వారి భయం ఉత్తది కాదు. నేనూ ఆ పక్షమే. కాని ఆ సాయంత్రం నేను చూసింది వేరు. ఆ అమ్మాయి చేసిన అసలు వైద్యం పంచదార నీళ్లు కాదు. ఆ పని చెప్పి ఉంటే నేనూ చేసేవాణ్ణి. ‘ఇది ఇక్కడితో తీరదు, పైవారు చూడాలి’ అని కొడుకు మాట, తల్లి మాట లెక్కచేయకుండా చెప్పడమే ఆమె చేసిన వైద్యం. తన హద్దు తెలిసిన చదువు సగం చదువు ఎట్లా అవుతుంది? భయపడవలసింది మరొకందుకు. ఆ రోజు ఆమె సంచిలో పరీక్ష పట్టీలున్నాయి, ఫోనులో డాక్టరు దొరికాడు, 108 వచ్చింది. ఈ మూడింటిలో ఒక్కటి లేని రోజున ఆమె ఒంటరిది. అప్పుడు తప్పు ఎవరిదైనా మాట పడేది ఆ అమ్మాయే.

అమ్మ మూడో రోజు ఇంటికి వచ్చింది. డాక్టరుగారు మాత్ర మార్చారు. ఇప్పుడు కంచంలో అన్నం కనబడితే గాని మాత్ర తీయదు. వారం తిరక్కుండానే ఆ అమ్మాయి చూడడానికి వస్తే, అమ్మ సంచెడు ఎండుమిరపకాయలు చేతికిచ్చింది.

“వద్దు మామ్మగారూ, మేం తీసుకోకూడదు. అయినా నేను డాక్టర్ని కానని చెప్పానుగా.”

“కాకపోతే ఏందమ్మా, పిలిస్తే వస్తున్నావుగా” అన్నది అమ్మ.

మిరపకాయలు మాత్రం తీసుకోలేదు. నేను గోడ మీది కాలెండరు దించి, దాని మీద పెద్ద అక్షరాలతో ఆమె ఫోను నంబరు రాశాను. ఆ పని అంతకుముందే చేయవలసింది. పల్లెలో అమ్మానాన్నలను ఉంచి పట్నంలో కాపురం చేస్తున్న నాబోటివారు ఈసారి ఊరికి వెళ్లినప్పుడు బస్సు దిగి తిన్నగా ఇంటికి పోకుండా, దారిలో ఆ క్లినిక్కు తలుపు ఒకసారి తట్టండి. నంబరు అడిగి తీసుకోండి. మీ కాలెండరు మీద కూడా చోటు ఉండే ఉంటుంది.