డబ్బా మనింట్లో... తాళం వాళ్ల చేతిలో!

తెనాలిలో మా అమ్మ రోజూ ఉదయం ఆరున్నరకల్లా వాకిట్లో ముగ్గేస్తుంది. సరిగ్గా ఆ వేళకే అమెరికాలోని డాలస్‌లో మా తమ్ముడు రాత్రి భోజనం ముగించి ఫోన్ తెరుస్తాడు. వరండాలో పెట్టిన కెమెరాలోంచి అమ్మ ముగ్గేయడం చూస్తాడు. ఆమెకి కనిపించదు, వినిపించదు. అయినా వాడికదో తృప్తి. 'అమ్మ లేచింది, బాగానే ఉంది' అనుకుని పడుకుంటాడు. నాన్నగారు పోయాక 2021లో పెట్టించిన కెమెరాలవి. మొత్తం నాలుగు. వాటి రికార్డింగ్ పెట్టె హాల్లో టీవీ కింద ఉంటుంది.

కిందటేడు మా వీధిలో డ్రైనేజీ కోసం రోడ్డు తవ్వారు. తవ్వినప్పుడల్లా ఇంటర్నెట్ తీగ తెగేది. అది అతికేసరికి వారం. విసిగిపోయి, తీగ అక్కర్లేని వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టించాం. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఓ రిసీవరు, ఇంట్లో ఓ తెల్ల డబ్బా. గంటలో పని అయిపోయింది. స్పీడ్ పాతదానికంటే మూడింతలు. అమ్మ టీవీలో ప్రవచనాలు ఆగకుండా వస్తున్నాయి. అందరం సంతోషించాం.

మర్నాడు కెమెరాలు మాయం!

ఇంట్లో టీవీలో చూస్తే నాలుగూ కనిపిస్తున్నాయి. డాలస్‌లో తమ్ముడికీ, హైదరాబాద్‌లో నాకూ కనిపించట్లేదు. ఫోన్ చేస్తే కంపెనీ వాళ్లది ఒకటే మాట... 'సర్, నెట్ వస్తోంది కదా? స్పీడ్ బాగుంది కదా? మరి సమస్యేంటి?'

సమస్య ఏంటో నాలుగో రోజు తెలిసింది. కార్తీకమాసం. తెల్లారుజామున తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. 'అన్నయ్యా, అమ్మ ఫోన్ ఎత్తట్లేదు. అరగంట నుంచీ చేస్తున్నా. కెమెరా చూద్దామంటే అదీ రావట్లేదు' అన్నాడు. గొంతు వణుకుతోంది. నేను పక్కింటి పిన్నిగారికి ఫోన్ చేశాను. ఆవిడ వెళ్లి చూస్తే తలుపు తాళం వేసి ఉంది. ఇంకో పావుగంట నరకం. చివరికి గుళ్లో దీపాలు వెలిగించుకుని అమ్మ తీరిగ్గా వచ్చింది. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి మరచిపోయిందట! 'గుడికెళ్తే కూడా మీకు చెప్పి వెళ్లాలట్రా?' అని మమ్మల్నే కేకలేసింది.

ఆ రోజు కూర్చుని సంగతేమిటో తేల్చుకున్నాను. ఇప్పుడు ఎన్నో ఇళ్లలోకి ఈ డబ్బాలు వస్తున్నాయి కాబట్టి, అది మీతోనూ చెప్పాలనిపించింది.

రెండు గేట్లు... ఇద్దరు వాచ్‌మన్‌లు

ఓ అపార్ట్‌మెంట్ ఊహించుకోండి. బయటి లోకానికి దానికి ఒకటే చిరునామా. లోపల ఇరవై ఫ్లాట్లు. గేటు దగ్గర వాచ్‌మన్. లోపలివాళ్లు ఎవరైనా పిజ్జా ఆర్డరిస్తే అతనికి చెబుతారు. కాబట్టి పిజ్జా అబ్బాయి రాగానే సరైన ఫ్లాట్‌కి పంపుతాడు. ఎవరూ చెప్పకుండా కొత్త మనిషి వచ్చి 'లోపలికెళ్లాలి' అంటే మాత్రం వెనక్కి పంపేస్తాడు. మన ఇంటి రూటర్ చేసేది సరిగ్గా ఈ పనే. ఫోన్లు, టీవీ, కెమెరా పెట్టె... ఇవన్నీ ఫ్లాట్లు.

మరి డాలస్ నుంచి తమ్ముడు రావాలంటే? వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచాలి. 'ఫలానా నంబరు చెప్పి ఎవరొచ్చినా మా ఫ్లాట్‌కి పంపు' అని. దీన్నే పోర్ట్ ఫార్వార్డింగ్ అంటారు. మా పాత కనెక్షన్‌కి ఏడాదికింత అని అదనంగా కట్టి ఓ శాశ్వత చిరునామా తీసుకున్నాం. కేబుల్ కుర్రాడు రూటర్‌లో ఈ ఏర్పాటు చేసి పెట్టాడు. మాకు తెలియకుండానే అన్నాళ్లూ అది పనిచేసింది.

కొత్త డబ్బాలో ఆ మీటే లేదు! కంపెనీ ఇచ్చిన యాప్ తెరిస్తే వైఫై పేరు మార్చుకోవచ్చు, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, రీస్టార్ట్ చేయవచ్చు. అంతే. పోనీ ఆ మీట ఉందనుకుందాం. అయినా లాభం లేదు. ఎందుకంటే ఇక్కడ మన అపార్ట్‌మెంట్ ఓ పెద్ద టౌన్‌షిప్ లోపల ఉంది. ఆ టౌన్‌షిప్‌కి ఇంకో గేటు, అక్కడ కంపెనీ వాచ్‌మన్. ఒకే చిరునామా వెనక ఎన్నో ఇళ్లు. మన వాచ్‌మన్‌కి ఎంత చెప్పుకున్నా ఆ పెద్ద గేటు దగ్గరే తమ్ముణ్ని ఆపేస్తారు. సాంకేతిక భాషలో దీని పేరు సీజీనాట్.

ఎందుకీ పిసినారితనం?

నెట్‌లో పాతకాలపు చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు. ఆ పద్ధతి పెట్టినప్పుడు అన్ని ఎందుకనుకున్నారు. కానీ ప్రపంచవ్యాప్తంగా పంచే కేంద్ర సంస్థ దగ్గర 2011 ఫిబ్రవరిలోనే నిల్వ అయిపోయింది. ఆ తర్వాత ఫోన్లు కోట్లలో పెరిగాయి. మొబైల్ కంపెనీలు ఒక్కో చిరునామాని ఎంతోమందికి కలిపి ఇవ్వడం మొదలెట్టాయి. ఇందుకోసం 2012లో 100.64 నుంచి 100.127 వరకూ ఉన్న అంకెలని ప్రత్యేకంగా కేటాయించారు కూడా. వైర్‌లెస్ ఇంటి ఇంటర్నెట్ వచ్చేదీ ఆ మొబైల్ టవర్ నుంచే కాబట్టి, దానికీ ఇదే పద్ధతి.

చిరునామాల కరవు లేని కొత్త పద్ధతి ఐపీవీ6 ఉంది. దాన్ని వాడటంలో మన దేశం ప్రపంచంలో ముందువరసలోనే ఉంది. కానీ అక్కడా బయటి నుంచి వచ్చేవాళ్లని డబ్బాలోని కాపలా ఆపేస్తుంది. 'మా కెమెరాకి మాత్రం దారివ్వు' అని చెప్పే మీట చాలా డబ్బాల్లో ఉండదు.

ఈ గొడవ మనకే కాదు. అమెరికాలో టి-మొబైల్ 2021 ఏప్రిల్‌లో 5జీ ఇంటి ఇంటర్నెట్‌ని దేశమంతటా ఆరంభించింది. 2023 చివరికల్లా దాని వినియోగదారులు దాదాపు 48 లక్షలు. అక్కడి వాడకందార్లు కూడా మొదటినుంచీ పోర్ట్ ఫార్వార్డింగ్ లేదనీ, డబ్బాని పక్కనపెట్టి సొంత రూటర్‌కే పగ్గాలిచ్చే బ్రిడ్జ్ మోడ్ లేదనీ మొత్తుకుంటూనే ఉన్నారు. మన దగ్గర 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబయిల్లో, సెప్టెంబరులో వినాయక చవితికి జియో హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో ఇలాంటి సేవలు మొదలుపెట్టాయి. ఆనక చిన్న ఊళ్లకీ పాకాయి. చిత్రమేమిటంటే డాలస్‌లో మా తమ్ముడింట్లో ఉన్నదీ ఇలాంటి డబ్బానే! అంటే తెనాలిలో రెండు గేట్లు, అక్కడ రెండు గేట్లు.

కంపెనీల వాదన కూడా వినాలి

మీటలు పెరిగితే ఫిర్యాదులు పెరుగుతాయి. తెలియక ఒకటి నొక్కితే నెట్ పోతుంది, మనిషిని పంపాల్సి వస్తుంది. అది వాళ్ల బాధ. ఇంతకంటే పెద్ద కారణం భద్రత. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ ప్రపంచమంతా తిరిగి కెమెరాలనీ, రికార్డింగ్ పెట్టెలనీ, రూటర్లనీ వశం చేసుకుంది. ఎలాగంటారా? ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చరు కదా... అవే వరసగా కొట్టి చూసింది. అలా పోగేసిన సైన్యంతో ఆ ఏడాది అక్టోబరు 21న చేసిన దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటలకొద్దీ మొరాయించాయి.

ఇది చదివినప్పుడు 'పాపం ఎవరివో కెమెరాలు' అనుకున్నాను. ఆ వారం తెనాలి వెళ్లి మా పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లబోతే పాస్‌వర్డ్ అడిగింది. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేశాను. 'కంపెనీ ఇచ్చిందే సార్, మనం మార్చలేదు' అన్నాడు. కొట్టాను. తెరుచుకుంది!

కాసేపు మాట రాలేదు. అన్నేళ్లూ బయటి నుంచి తిన్నగా దారి ఉన్న పెట్టె అది. తాళం ఫ్యాక్టరీది. ఒంటరిగా ఉండే అమ్మ ఎప్పుడు గుడికి వెళ్తుందో, ఎప్పుడు నిద్రపోతుందో మా తమ్ముడొక్కడే చూశాడని నమ్మకమేంటి? అమ్మ భద్రత కోసమని మేం పెట్టింది అమ్మ ఇంటి తలుపునే తెరిచి ఉంచింది. తిట్టుకుంటున్న ఆ తెల్ల డబ్బానే ఆ తలుపు మూసింది.

అలాగని కంపెనీ చేసింది ఒప్పనను. తలుపు మూయడం వేరు, తాళంచెవి ఇవ్వకపోవడం వేరు. మూసి ఉంచండి, కానీ తెలిసినవాడు అడిగితే తెరుచుకునే వీలుండాలి. కనీసం డబ్బా అమ్మేటప్పుడు 'మీ పాత కెమెరాలు బయటి నుంచి కనిపించవు' అని ఒక్క ముక్క చెప్పాలి.

మరేం చేయాలి?

డబ్బాలో లేని సదుపాయాలని రెండు కుప్పలుగా పోసుకుంటే తికమక ఉండదు.

మొదటిది ఇంటి లోపలి పనులు. పిల్లల ఫోన్లకి రాత్రి పదింటికి నెట్ ఆపడం, పెద్దల సైట్లు రాకుండా డీఎన్‌ఎస్ మార్చడం, చుట్టాలకి వేరే వైఫై ఇవ్వడం, ప్రింటర్‌కి ఎప్పుడూ ఒకే నంబరు ఉండేలా చూడటం. వీటికోసం కంపెనీని బతిమాలక్కర్లేదు. రెండు వేల రూపాయల లోపు దొరికే మామూలు రూటర్ ఒకటి కొని, డబ్బా నుంచి దానికో తీగ కలిపి, ఇంట్లో అన్నిటినీ దాని వైఫైకే మార్చండి. మీటలన్నీ మీ చేతికొస్తాయి. ఉదాహరణకి క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో కుటుంబాల కోసం ఉచితంగా తెచ్చిన 1.1.1.3 అనే అంకెని కొత్త రూటర్ డీఎన్‌ఎస్‌లో పెడితే అశ్లీల సైట్లు చాలామటుకు తెరుచుకోవు. డబ్బా వైఫై పాస్‌వర్డ్ మాత్రం మార్చి దాచండి. లేకపోతే పిల్లలు మళ్లీ దానికే తగులుకుంటారు!

చౌకరకం వైఫై బల్బులు, ప్లగ్గులు, డోర్‌బెల్స్ చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి. డబ్బా రెండు రకాల వైఫైనీ ఒకే పేరుతో ఇస్తే, అవి అతుక్కోక సతాయిస్తాయి. సొంత రూటర్‌లో 2.4కి వేరే పేరు పెట్టుకుంటే సరి.

రెండోది బయటి నుంచి లోపలికి రావడం. దీన్ని సొంత రూటర్ తీర్చలేదు. కంపెనీ గేటు మన చేతిలో లేదు కదా. ఇక్కడ ఉపాయం ఒక్కటే... బయటివాళ్లని లోపలికి పిలవకుండా, లోపలివాళ్లనే బయటికి పంపడం. లోపలి నుంచి వెళ్లేవాళ్లని ఏ వాచ్‌మనూ ఆపడు. ఇప్పటి కెమెరా పెట్టెల్లో పీటూపీ అనే మీట ఉంటుంది. అది నొక్కితే పెట్టే వెళ్లి తయారీదారు సర్వర్‌కి 'నేనిక్కడున్నా' అని చెప్పొస్తుంది. ఫోన్‌లోని యాప్ కూడా అక్కడికే వెళ్తుంది. ఆ సర్వర్ ఇద్దర్నీ కలుపుతుంది. మా పెట్టె అడుగున అందుకు కావాల్సిన క్యూఆర్ కోడ్ స్టిక్కర్ మొదటినుంచీ ఉంది. ఎవరూ తిప్పి చూడలేదంతే! పాస్‌వర్డ్ మార్చి, ఆ మీట నొక్కి, తమ్ముడికి కోడ్ ఫొటో పంపాను. పది నిమిషాల్లో వరండా డాలస్‌లో ప్రత్యక్షం.

ఇంట్లో కంప్యూటర్‌నో, ఫొటోలు దాచిన డిస్క్‌నో బయటి నుంచి తెరవాలనుకునేవాళ్లకి టెయిల్‌స్కేల్ లాంటి ప్రోగ్రాములున్నాయి. వాటి కిటుకూ ఇదే. అయితే పీటూపీలో మన వీడియోకి మధ్యవర్తి తయారీదారే కాబట్టి, ఊరూపేరూ లేని కెమెరాలు వద్దు. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలకి భద్రతా పరీక్షలు తప్పనిసరి. కొనేటప్పుడు దుకాణదారుని ఆ సంగతి అడగండి.

కనెక్షన్ తీసుకునే ముందు...

పాత రూటర్ సెట్టింగుల్లో కనిపించే ఇంటర్నెట్ చిరునామానీ, గూగుల్‌లో 'నా ఐపీ ఎంత' అని అడిగితే వచ్చేదాన్నీ పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితే మీది నేరుగా దారి ఉన్న ఇల్లు. వేరైతే మీరూ టౌన్‌షిప్‌లోనే ఉన్నట్టు.

కొత్త డబ్బా అమ్మవచ్చినవాణ్ని మూడు ప్రశ్నలు అడగండి. పోర్ట్ ఫార్వార్డింగ్ ఉందా? శాశ్వత చిరునామా అదనంగా కట్టినా ఇస్తారా? బ్రిడ్జ్ మోడ్ ఉందా? అతను తెల్లమొహం వేస్తే 'లేదు' అని అర్థం చేసుకోండి. సినిమాలు, వీడియో కాల్స్, పిల్లల చదువు, ఆఫీసు పని... వీటికి ఏ ఇబ్బందీ ఉండదు, నిక్షేపంగా తీసుకోవచ్చు. ఆన్‌లైన్ ఆటలాడే కుర్రాళ్లు మాత్రం స్నేహితులని తమ ఆటలోకి పిలవడానికి ఒక్కోసారి తిప్పలు పడతారు.

అన్నిటికంటే ముందు ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ కెమెరా పెట్టె పాస్‌వర్డ్ ఫ్యాక్టరీదేనేమో చూసి మార్చండి. డబ్బా ఏదైనా సరే.

మా అమ్మకి ఇదంతా వివరంగా చెప్పాను. ఓపిగ్గా విని, 'ఇంత తతంగం ఎందుకురా? రోజూ పొద్దున్నే ఒక ఫోన్ చేస్తే సరిపోదా?' అంది.

ఇప్పుడు తమ్ముడు ఆరున్నరకి కెమెరా చూస్తున్నాడు. ఆరూ నలభైకి ఫోనూ చేస్తున్నాడు.