బిడ్డ పడితే తప్పంతా తల్లిదేనా?

పసిబిడ్డ మంచం మీదనుండి పడిందంటే మన ఇళ్లల్లో మొదట వినిపించే మాట, "నువ్వేం చేస్తున్నావమ్మా?" అన్నదే. ఆ మాటకు భయపడి, పడిన సంగతే దాచిపెట్టే తల్లులను మేము చూస్తూ ఉంటాము. "రాత్రినుండి వాంతులండీ, పాలు అరగలేదేమో" అంటూ బిడ్డను తెస్తారు. తల నిమిరితే మెత్తని బొప్పి చేతికి తగులుతుంది. అత్తగారు బయటకు వెళ్లాక గానీ అసలు సంగతి చెప్పరు. అప్పటికే విలువైన గంటలు గడిచిపోయి ఉంటాయి.

బిడ్డ పడడం చాలాసార్లు ఇంటి అమరికలో లోపమే గానీ ఒక్క తల్లి నిర్లక్ష్యం కాదని మా అభిప్రాయం. నిన్నటిదాకా పెట్టినచోటే ఉన్న బిడ్డ ఈరోజు బోర్లా పడుతుంది. సాధారణంగా నాలుగో నెలలో, కొందరు ఇంకా ముందే. బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాము, సంతోషమే. కానీ బిడ్డ పడకను ఆ రోజుకు ముందే నేలమీదికి మార్చాలి. చాప పరచి, పలుచని బొంత వేసి, దోమతెర పెడితే చాలు. మంచం చుట్టూ దిండ్లు పేర్చడం రక్షణ కాదు. బిడ్డ వాటిని దాటి పడవచ్చు, లేదా దిండులో ముఖం కూరుకుపోయి ఊపిరాడకపోవచ్చు.

ఇక వాకర్లు. అడుగులకు అరిసెలు త్వరగా వండించాలని మేనమామలు ముచ్చటపడి కొనితెస్తారు. వాకర్ వలన నడక త్వరగా రాదు. గడప తగిలి బోల్తాపడడానికి, మెట్లమీదనుండి దొర్లిపోవడానికి మాత్రం క్షణం చాలు. కెనడా దేశం 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. మన బజారుల్లో ఇంకా అమ్ముతూనే ఉన్నారు. మేనమామలూ, దయచేసి వేరే బహుమతి చూడండి!

డాబామీద పిట్టగోడ పక్కన కుర్చీలు, స్టూళ్లు ఉంచకండి. ఎక్కడం నేర్చిన బిడ్డకు అవే మెట్లు.

తలకు దెబ్బ తగిలిన తరువాత మళ్లీ మళ్లీ వాంతులు, మగత, ఫిట్సు, ఆగని ఏడుపు, చెవి లేక ముక్కునుండి రక్తమో నీరో కారడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఏడాదిలోపు బిడ్డ తలకు దెబ్బ తగిలితే ఇవేవీ లేకపోయినా చూపించాలి. ఎంత ఎత్తునుండి, ఎన్ని గంటలకు, దేనిమీద పడిందో ఉన్నదున్నట్టు చెప్పండి. వెంట వచ్చిన పెద్దలు ఆ తల్లిని చెప్పనివ్వండి.